అమ్మ తోమిన కూజా

పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన కూర్చుని తన తల్లి తోముతున్నది ఏమిటో కనిపించేసరికి ఉష గుమ్మంలోనే ఆగిపోయింది. ఇత్తడి చెంబులు, దీపపు కుందులు, తాంబూలాల పళ్ళెం తళతళలాడుతూ గట్టు మీద బోర్లించి ఉన్నాయి. అవన్నీ అయిపోయాక పుష్పావతి చేతిలో మిగిలినది... ఈ ఇంట్లో కోడళ్ళు సైతం అత్తగారిని అడిగి ముట్టుకునే దొరసాని కూజా! ఒక చేత్తో దాని మెడ పట్టుకుని, ఇంకో చేత్తో చింతపండూ ఇటుక పొడీ కలిపిన పీచుతో ఆవిడ రుద్దుతోంది. నాట్లు వేసీ కలుపు తీసీ గట్టిపడిన ఆ చేతిలో ఎంత బలముందో అంతా పెట్టి మరీ రుద్దుతోంది.

"అమ్మా, ఏం చేస్తున్నావ్?"

"వచ్చావా తల్లీ? అన్నీ చక్కగా వదిలాయి గానీ, దీనికి పట్టిన గనుల దుమ్ము మాత్రం చచ్చినా వదలట్లేదు. పైన చూడు, ఎంత మందాన పేరుకుపోయిందో. కిందికొచ్చేసరికి అసలు పసుపు రంగు బయటపడుతోంది. ఇంకాస్త తోమితే..."

"అది దుమ్ము కాదమ్మా." అంది ఉష. "దాని రంగే అది."

పుష్పావతి చెయ్యి ఆగిపోయింది.

నిజానికి ఆవిడను తప్పుపట్టడానికి లేదు. ఉష అత్తవారి ఊరు తారానగర్‌లో తెల్లచీర కట్టుకుని పొద్దున వాకిట్లో నిలబడితే మధ్యాహ్నానికి అది గులాబీ చీర అవుతుంది. దోణిమలై వైపు నుంచి దిగే ఖనిజం లారీలు రోజంతా ఎర్రదుమ్ము రేపుతూనే ఉంటాయి. కిటికీ రెక్కలు, మంచం కోళ్ళు, ఉప్పుజాడీ మూత... అన్నిటి మీదా పైన మందంగా, కిందికి పోయేకొద్దీ పల్చగా అదే దుమ్ము. పచ్చటి వరిచేల మధ్య బతికిన మనిషికి, వచ్చిన దగ్గర్నుంచీ ఈ ఇంట్లో చీపురూ తడిగుడ్డా తప్ప ఇంకేమీ కనిపించలేదు. ఇక ఆ కూజా ఉన్నదే అలాగ. అడుగున నిమ్మపండు పసుపుతో మొదలై, పైకి వెళ్ళేకొద్దీ పండిన జామకాయ లోపలి రంగులోకి మారిపోయే గాజు. గాజే అయినా మెరవదు, కోడిగుడ్డు పెంకు లాగా ఉంటుంది. అంచు పరికిణీ కుచ్చుల్లా మడతలు పడి ఉంటుంది. ఒంటి మీద గోధుమరంగు తీగ, దానికి ఆకులు, చిన్నచిన్న పళ్ళు, వాటి చుట్టూ వెంట్రుకంత సన్నటి బంగారు గీత. ఉండేది, అనాలి. ఇప్పుడు ఒకవైపు తీగ సగానికి సగం చెరిగిపోయింది. బంగారు గీత జాడే లేదు. గాజు నిండా తెల్లటి గీరలు.

అలాంటివి ఇంట్లో రెండున్నాయి, జత. అవి మామూలు కూజాలా? ఉష భర్త కేశవ ముత్తాత కోదండరామి ఎద్దుబండ్లతో బాడుగలు తోలే రోజుల్లో, బళ్ళారి కంటోన్మెంటులో ఉన్న ఒక దొర కుటుంబం దేశం విడిచి పోతూ ఉంటే వాళ్ళ సామానంతా రైలు స్టేషనుకు చేర్చాడట. ఒక్క సాసరు కూడా చిట్లకుండా చేర్చినందుకు దొరసాని సంతోషపడి, తన పుట్టింటి వాళ్ళు ఇంగ్లండు నుంచి పంపిన ఈ జతను ఆయన చేతిలో పెట్టిందట. ఆయన వాటిని గడ్డిలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, బండి తోలుకుంటూ సండూరు కొండలెక్కి వచ్చాడని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. తన కూతురి నిశ్చితార్థం నాడు తాంబూలాల పళ్ళేనికి అటొకటి ఇటొకటి పెట్టి కనకాంబరాలు నింపించాడు. ఆనాటి నుంచి ఈ ఇంటి ఆడపిల్ల విషయంలో ఎవరికి మాటిచ్చినా ఆ రెండు కూజాల మధ్యే ఇస్తారు. ఒకదాన్ని ఇంటి పెద్దావిడ పూలతో నింపుతుంది, రెండోదాన్ని ఆమె పిలిచిన ముత్తైదువ నింపుతుంది. ఇవాళ ఆడపడుచు హిమజ వంతు. ఇంకాసేపట్లో బళ్ళారి నుంచి పెళ్ళికొడుకు వాళ్ళు దిగుతారు.

"నిన్ను తోమమని ఎవరడిగారమ్మా?"

"నిన్న మీ అత్తగారు అద్దాల బీరువా మీద వేలు రాసి, ఎంత దుమ్ముందో చూడమన్నారు కదే. ఆ మాట నీకు తగిలిందేమోనని... ఇవాళ నలుగురిలో నిన్ను అనకుండా ఉండాలని..."

"నా పేరు నిలబెట్టడానికి ఇది చేశావా? నలుగురిలో నా పరువు తియ్యడానికే వచ్చినట్టుంది. నువ్వు రాకపోయినా బాగుండేది."

నోరు జారిన మాట కాదది. చాలాకాలంగా నాలుక చివర కూర్చున్న మాట. తుంగభద్ర కాలువ కింద వరి పండించుకోవడానికి తాతల నాడు కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళ ఊళ్ళను ఈ ప్రాంతంలో క్యాంపులంటారు. సిరుగుప్ప దగ్గర అలాంటి క్యాంపులో పుట్టింది ఉష. బళ్ళారిలో ఇంజనీరింగు చదివేటప్పుడు ఎవరైనా ఊరు అడిగితే సిరుగుప్ప అనేది గానీ క్యాంపు అనేది కాదు. అక్కడే కేశవ పరిచయమయ్యాడు. పెద్దవాళ్ళే ఒప్పుకుని పెళ్ళి చేశారు. ఆ పెళ్ళిలో పుష్పావతి, విస్తళ్ళలో ముట్టని లడ్డూలు కనిపిస్తే, ఊళ్ళో కూలీల పిల్లలకని కొంగులో మూట కట్టుకుంది. అది చూసి ఎవరో అమ్మాయి కిసుక్కున నవ్వింది. ఎవరా అమ్మాయో ఉషకు గుర్తులేదు, ఆ నవ్వు మాత్రం పోలేదు. ఆనాటి నుంచీ తల్లి వస్తానంటే ఏదో ఒక వంక చెబుతూనే వచ్చింది. ఈసారి అత్తగారు రామసుబ్బమ్మే, "మీ అమ్మ లేకుండా ఎట్ల?" అని పట్టుబట్టి పిలిపించింది.

పుష్పావతి కళ్ళు తుడుచుకోలేదు. చేతికి ఇటుక పొడి ఉంది మరి.

"ఇప్పుడేం చెయ్యమంటావు తల్లీ?"

"ఏం చెయ్యకు. వంటింట్లో ఉండు. వాళ్ళు వెళ్ళేదాకా హాల్లోకి రాకు. నేను ఏదో ఒకటి చూసుకుంటా."

"అలాగే." అని లేచింది ఆవిడ. రాత్రి పెట్టెలోంచి తీసి, ముడతలు పోవాలని దిండు కింద పెట్టుకున్న, ఆవిడకున్న ఒకే ఒక్క పట్టుచీర సంగతి ఉషకు తెలుసు.

ఉష కూజాను కడిగి, తుడిచి, చెరిగిన వైపు గోడకు తిప్పి, తాంబూలాల బల్ల మీద పెట్టింది. దూరం నుంచి చూస్తే తెలియదు. దొంగసొత్తు దాచినట్టు చుట్టూ చూసుకుంది. రామసుబ్బమ్మ హడావిడిగా అటూ ఇటూ తిరుగుతూ, "కూజాలు పెడితివా? సరే" అని ఒక్క చూపు చూసి పోయింది.

పదకొండు గంటలకు పెళ్ళికొడుకు వాళ్ళు వచ్చారు. మగవాళ్ళు వరండాలో కూర్చుని లారీల గురించీ పర్మిట్ల గురించీ మాటల్లో పడ్డారు. ఆడవాళ్ళు హాల్లో సర్దుకున్నారు. పెళ్ళికొడుకు మేనత్త రాజశ్రీ మాత్రం ఒకచోట కూర్చునే మనిషి కాదు. పట్టుచీర గలగలలాడించుకుంటూ తిన్నగా వంటింటి గడపలోకే వచ్చి నిలబడింది.

"ఈ వాసన యాడినుంచి వస్తాందో చూద్దామని వచ్చినా. ఓళిగలా? భాళ బాగుండాయి చూడనీకే."

పొయ్యి ముందు పీట మీద, పాత నేతచీరలో, చెమటతో తడిసిన ముఖంతో పుష్పావతి అరిటాకు మీద, రాజశ్రీ ఓళిగలన్న బొబ్బట్లు తడుతోంది. అంతవరకూ లోపలికి వచ్చి ఆవిడను పలకరించిన వాళ్ళు లేరు. రాజశ్రీ ఆవిడను ఎగాదిగా చూసి, పక్కన ప్లేట్లు సర్దుతున్న ఉష వైపు తిరిగింది.

"ఎవరమ్మా ఈమె? మీ చుట్టాలా?"

ఎంత చిన్న ప్రశ్న! దానికి జవాబు ఇంకా చిన్నది. ఆ జవాబు ఉష గొంతు దాకా వచ్చింది కూడా. కానీ ఆ క్షణంలో ఆమెకు కనిపించింది తల్లి కాదు... చిరుగుకు దగ్గరైన చీర, కాయలు కాసిన చేతులు, గోళ్ళలో ఇంకా మిగిలి ఉన్న ఇటుక పొడి. ఎల్లుండికల్లా బళ్ళారిలో పది ఇళ్ళలో చెప్పుకుంటారు, ఆ ఇంటి కోడలి తల్లి ఇలా ఉందని. కూజా తోమిందని.

"చుట్టాలు కాదమ్మా. వంటకి పిలిపించినాం. సిరుగుప్ప నుంచి."

బొబ్బట్టు తడుతున్న చెయ్యి ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ తట్టడం మొదలుపెట్టింది. తర్వాత పుష్పావతి లేచి, పెనం మీది బొబ్బట్టు ప్లేటులో వేసి, పైన నెయ్యి వేసి, రెండు చేతులతో రాజశ్రీకి అందించింది.

"వేడిగా ఉంది, తీసుకోండమ్మగారూ."

అమ్మగారూ అంది. వంటామె ఎలా అంటుందో అలాగే అంది. రాజశ్రీ నిలబడే తిని, మెచ్చుకుని, ఎంగిలి ప్లేటు పుష్పావతి చేతికిచ్చి వెళ్ళిపోయింది. ఆవిడ దాన్ని తీసుకుని కడిగి బోర్లించింది. ఉష చూస్తూ నిలబడింది. అడ్డం పడలేదు, ప్లేటు తను అందుకోలేదు. కన్నతల్లి చేత ఎంగిలి ప్లేటు కడిగించిన కూతురు ఇంకెక్కడైనా ఉంటుందా?

"పో తల్లీ, నీకోసం చూస్తుంటారు అక్కడ." తల్లి తల ఎత్తకుండానే అంది.

హాల్లో హిమజ అప్పుడే వచ్చి పీట మీద కూర్చుంది. రామసుబ్బమ్మ కనకాంబరాల పళ్ళెం తెచ్చింది. ఆ పూలు నింపడం అయిపోతే, తాంబూలాలు మార్చుకుంటే, ఈ గండం గడిచిపోతుంది. ఉష లోలోపల దేవుళ్ళందరికీ మొక్కుకుంటూనే ఉంది.

"ఈ వాజులేంది, ఇంత బాగుండాయి?" రాజశ్రీ వంగి, ఉష గోడకు తిప్పి పెట్టిన కూజానే ఎత్తి పట్టుకుని తిప్పింది. "అయ్యో... దీన్ని ఎవరో గీకిపెట్టినారే!"

రామసుబ్బమ్మ చేతిలోని పళ్ళెం కింద పెట్టి వచ్చింది. కూజాను అందుకుని చెరిగిన తీగ మీద బొటనవేలు పెట్టి పాముతూ చూసింది. ఆమె ముఖంలో రంగు పోయింది. నలభై ఏళ్ళ కిందట కోడలిగా ఈ ఇంట అడుగుపెట్టకముందు, ఆమె తాంబూలాలు కూడా వాటి మధ్యే జరగాలని మామగారు జతను ఆమె పుట్టినూరు హగరికి మోసుకొచ్చారట. ఆ మాట ఆమె ఎన్నిసార్లు చెప్పిందో!

"పనోళ్ళ చేతికి ఇట్లాంటివి ఇయ్యకూడదక్కా," అంది రాజశ్రీ జాలిగా. "ఆ సిరుగుప్ప వంటామె చేసిన పనేమో అడుగు."

"వంటామె ఎవరు? మా ఇంట్లో వంటామె యాడుండాది?"

ఇంతలో వంటింటి గుమ్మంలోంచి గొంతు వినిపించింది.

"నేనేనండీ." పుష్పావతి బొబ్బట్ల పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంది. చూపు నేల మీదే. "వంటకొచ్చినదాన్ని. దుమ్మనుకుని నేనే తోమాను. తెలివితక్కువదాన్ని, తెలియలేదు. ఇందులో అమ్మాయిగారి తప్పేమీ లేదు."

అమ్మాయిగారు! కూతురు చెప్పిన అబద్ధం కూలిపోకుండా తల్లి దానికి భుజం ఆనించింది... వరండా గుమ్మంలో నిలబడిన కేశవ నమ్మలేనట్టు, "అత్తా, అదేంది..." అంటూ లోపలికి రాబోయాడు.

"నువ్వుండప్పా," అని రామసుబ్బమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. వియ్యపురాలు పుష్పావతి వైపు చూసింది. తర్వాత కోడలి వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే ఉష భరించి ఉండేది. "ఉషా, ఈమె ఎవరో బీగరికి, ఈ వియ్యాలోళ్ళకు, నువ్వే చెప్పు. నేను చెప్తే బాగుండదు."

హిమజ పీట మీద నుంచి వదిన వైపే చూస్తోంది. నిజం చెబితే, కాబోయే వియ్యాలవారికి మొదటి రోజే అబద్ధం చెప్పిన ఇల్లవుతుంది ఇది. ఆ పిల్ల సంబంధం మీద మచ్చ పడవచ్చు. చెప్పకపోతే... గుమ్మంలో తల్లి కనిపించీ కనిపించనట్టు తల అడ్డంగా ఊపుతోంది. వద్దు తల్లీ, చెప్పకు, అని. ఆ తల ఊపడమే ఉషను చీల్చేసింది.

"మా అమ్మ," అంది. తల ఎత్తింది. మళ్ళీ అంది. "మా అమ్మ, పుష్పావతి. వంటామె అని అబద్ధం చెప్పినది నేను. అత్త నన్ను ఏమీ అనకూడదని, రంగును దుమ్మనుకుని తోమింది. హాల్లోకి రావద్దని కూడా నేనే చెప్పినా. సిగ్గుపడి చెప్పినా."

అందరికన్నా ముందు లేచింది రాజశ్రీ. ఆమె ముఖం జేవురించి ఉంది.

"నేను ఎంగిలి ప్లేటు మీ చేతికిస్తినే అక్కా," అంది పుష్పావతి దగ్గరకు వెళ్ళి. చేతిలోని పళ్ళెం తీసుకుని తనే బల్ల మీద పెట్టింది. "ఎంత పని చేయించినావమ్మా నాతో," అని ఉషను ఒక్క మాట అంది. ఉష తల వంచుకుంది. ఆ మాట పడాల్సిందే.

హిమజ పీట మీద నుంచి లేచి, "పిన్నమ్మా, రా" అని పుష్పావతి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. రామసుబ్బమ్మ తన కూజా పూలతో నింపింది. చెరిగిన కూజాను పుష్పావతి ముందుకు జరిపింది.

"వదినా, ఇది నువ్వు నింపు."

"నేనా? వద్దండీ వదినగారూ. చీర కూడా మార్చుకోలేదు. చేతులకు పిండి..."

"పిండి చేతులకేమి? నింపు."

ఆవిడ నింపుతూ ఉంటే కనకాంబరాలు కొన్ని బల్ల మీద రాలాయి. తాంబూలాలు మార్చుకున్నారు. సంబంధం నిలిచింది. భోజనాల దగ్గర రాజశ్రీ పట్టుబట్టి పుష్పావతిని తన పక్కన కూర్చోబెట్టుకుంది. బయటివాళ్ళకు అంతా సుఖంగా ముగిసినట్టే.

వాళ్ళ కార్లు కదిలాక రామసుబ్బమ్మ వంటింట్లోకి వచ్చి పీట మీద కూలబడింది. ఉష ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది.

"అత్తా, ఆ కూజా..."

"దాని మాట ఎత్తద్దు. గాజుది. ఎప్పుడో ఒకనాడు పోతాది." ఆమె కొంగుతో ముఖం ఒత్తుకుంది. కూజా కోసం ఏడ్వలేదని ఎవరంటారు, కళ్ళు ఎర్రగానే ఉన్నాయి. "ఒకటి అడుగుతా, నిజం చెప్పు. ఈ ఇంట్లో ఎవరన్నా ఎప్పుడన్నా మీ అమ్మను తక్కువ చేసి మాట్లాడినారా? నేను గానీ, హిమజ గానీ, నీ మొగుడు గానీ?"

ఉష వెతుక్కుంది. మూడేళ్ళ కాపురం అంతా వెతుక్కుంది. ఒక్క మాట దొరకలేదు. పెళ్ళిలో నవ్విన అమ్మాయి ఈ ఇంటి పిల్ల కూడా కాదు. తల్లిని తక్కువగా చూసిన మనిషి ఈ ఇంట్లో ఒక్కతే ఉంది. ఆ ఒక్కతీ ఆవిడ కడుపున పుట్టింది.

"లేదత్తా."

"నా తప్పు గూడా ఉండాదిలే. పొద్దుట్నుంచి ఆమె ఈ పొయ్యి కాడనే ఉంటే, రా వదినా అని నేను ఒకమారు పిలిచినానా? పిల్చలేదు. వంట బాగా అవుతాందని మురిసినా." రామసుబ్బమ్మ లేచి నిలబడింది. "పో. బస్సుకు టైమవుతాందంట. ఆమెను ఎక్కించి రా."

బస్టాపులో పుష్పావతి సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మడత విప్పని పట్టుచీర అంచు అందులోంచి కనిపిస్తోంది. ఉష ఎన్నో అనాలనుకుంది. పాదాలు పట్టుకోవాలనుకుంది. రోడ్డు మీద లారీలు పోతుంటే ఎర్రదుమ్ము లేచి ఇద్దరి మీదా పడుతోంది.

"నన్ను క్షమించమ్మా..."

"ఛ, ఊరుకో. నువ్వన్నదాంట్లో అబద్ధమేముంది? వంట చెయ్యడానికేగా వచ్చాను." కొంగుతో కూతురి ముఖం మీద దుమ్ము తుడిచింది ఆవిడ. ఒక చెంప దెబ్బ కొట్టినా ఉష అంతగా ఏడ్చేది కాదు.

కూజా మళ్ళీ అద్దాల బీరువాలోకి ఎక్కింది. రామసుబ్బమ్మ దాన్ని వెనక్కి నెట్టలేదు. జతలో ఎప్పుడూ ఉన్న చోటే, చెరిగిన వైపు ఇవతలికి తిప్పి పెట్టింది. వచ్చిన వాళ్ళందరి చూపూ దాని మీదే పడుతుంది. అడుగుతారు. రామసుబ్బమ్మ జవాబు చెప్పకుండా కోడలి వైపు చూస్తుంది.

పెళ్ళి పిలుపుల రోజుల్లో ఒక సాయంత్రం పుష్పావతి ఫోన్ చేసింది. ఉష తండ్రి వెంకటరత్నానికి మోకాళ్ళ నొప్పులు తగ్గాయనీ, వరి పాలు పోసుకుంటోందనీ చెప్పి, అసలు మాట అడిగింది.

"ఆ కూజా లోపల పెట్టేశారా?"

"లేదమ్మా. ముందే ఉంది."

"అయ్యో... ఎవరైనా అడిగితే పనామె తోమిందని చెప్పెయ్యి తల్లీ. నీకెందుకు చిన్నతనం?"

"ఇవాళ హిమజ అత్తగారి తరఫు వాళ్ళు వచ్చి అడిగారు. మా అమ్మ తోమిందని చెప్పాను. ఎందుకు తోమిందో కూడా చెప్పాను."

"నవ్వారా?"

"ఒకావిడ నవ్విందమ్మా."

"మరి నీకు సిగ్గనిపించలేదూ?"

ఉష బీరువా వైపు చూసింది. గీరలు పడిన గాజు మీద సగం మిగిలిన తీగ. దాని పక్కన ఏ గీతా చెరగని దాని జత.

"అనిపించిందమ్మా," అంది. "నీ గురించి కాదు."